గోపాల్‌పూర్ ఒడ్డున నల్ల గొడుగు నీడ

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ వెళ్లి వచ్చి నాలుగు రోజులైంది. మరపు కమ్మకముందే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను. ఈసారి వెళ్లింది సముద్రం చూడటానికి కాదు, ఒక బొమ్మను అర్థం చేసుకోవడానికి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1870 వేసవిలో, నార్మండీ తీరంలోని త్రూవిల్ అనే ఊళ్లో, ఎండలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను చూస్తూ వేసిన చిన్న తైలవర్ణ చిత్రం అది. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎడమ పక్క తెల్ల గౌను తొడుక్కుని గొడుగు పట్టుకున్న స్త్రీ, కుడి పక్క ముదురు రంగు బట్టల్లో తల వంచుకున్న మరొక స్త్రీ, ఇద్దరి మధ్య ఒక ఖాళీ కుర్చీ, వెనక మబ్బులు తేలే ఆకాశం. ఎడమ పక్కన ఉన్నది మోనే భార్య కమీల్ అనీ, కుడి పక్కన ఉన్నది ఆయనకు ఆరుబయట బొమ్మలు వేయడం నేర్పిన యూజీన్ బూదాఁ గారి భార్య కావచ్చుననీ చెబుతారు. నన్ను పట్టి ఊపిన సంగతి మాత్రం వేరే ఉంది. ఆ రంగుల్లో నిజమైన ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. అంటే ఆ బొమ్మ గదిలో కూర్చొని తీరికగా దిద్దినది కాదు, కనీసం కొంత భాగమైనా ఆ గాలిలో, ఆ ఇసుకలో, ఆ ఎండలో పుట్టినదే.

ఇరవై రెండేళ్లు బళ్లో పిల్లలకు డ్రాయింగ్ చెప్పాను. కుండ గీయించి దాని పక్కన నీడకు పెన్సిలుతో నల్లగా రుద్దమన్నాను. ఈ బొమ్మలో నీడ నలుపు కాదని తెలిసిన తరువాత కూడా, దాన్ని నా కళ్లతో ఒకసారి సరిచూసుకోకుండా నమ్మడం నాకు చేతకాలేదు.

జనవరి 27, బరంపురం

రైలు దిగేసరికి సాయంత్రం అయిదు. బరంపురంలో మా మేనత్త ఉంది. పెళ్లయి ఆ ఊరు వెళ్లి యాభై ఏళ్లు దాటినా ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. వీధి గుమ్మం దాటగానే ఒడియాలోకి మారిపోతుంది. ఒక్కోసారి మాట తెలుగులో మొదలై గుమ్మం దగ్గర ఒడియాలో ముగుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కనుక, ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఎక్కడి నుంచో వలస వచ్చినవాళ్లు కారు. సరిహద్దు గీత వాళ్లను దాటి అటు జరిగిందంతే.

రాత్రి భోజనంలో వంకాయ మెంతికారం, ముద్దపప్పు, అత్త ఎండబెట్టిన గుమ్మడి వడియాలు. తిన్నాక సంచి విప్పి బొమ్మ చూపించాను. పుస్తకంలోని బొమ్మను అసలు కొలతకు, అంటే 38 సెంటీమీటర్ల ఎత్తుకూ 46.5 సెంటీమీటర్ల వెడల్పుకూ పెంచి, ఒక ప్రింటింగు దుకాణంలో 180 రూపాయలకు అచ్చు వేయించుకున్నాను. మన దేవుడి గదిలో పటాల కంటే కాస్త పెద్దది, అంతే. మోనే పేరు చూసి గోడంత ఉంటుందనుకునేవాళ్లకు ఆ కొలతే మొదటి పాఠం. ఒళ్లో పెట్టుకుని వేయగలిగిన బొమ్మ అది.

అత్త కళ్లజోడు పెట్టుకుని చూసి, "అమ్మాయీ, దగ్గరికి తెస్తే అన్నీ మరకలే, దూరంగా పెడితే మనుషులు" అంది. తరువాత ఏమీ చెప్పకుండా లేచి, ట్రంకుపెట్టెలో నుంచి తన పెళ్లినాటి బరంపురం పట్టుచీర తెచ్చి దీపం కింద పరిచింది. నెమలికంఠం రంగు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. వేలితో మడత పైకెత్తితే ఒక వైపు నీలం, ఇంకో వైపు పచ్చ, మధ్యలో పేరు పెట్టలేని మూడో వన్నె. ఆ మూడో వన్నె దారంలో ఎక్కడా లేదు, చూసే కంట్లో కలుస్తోంది. మోనే తరం చిత్రకారులు రంగులను పలకమీద కలిపి చంపేయకుండా, విడివిడి కుంచె గుర్తులుగా పక్కపక్కన ఉంచి కన్నే కలుపుకోవాలని ఆశించిన పద్ధతిని నేను ఎన్నో పుస్తకాల్లో చదివాను. మా అత్త దాన్ని చీర మడతలో చూపించింది.

జనవరి 28, గోపాల్‌పూర్

పొద్దున్న కొత్త బస్టాండు దగ్గర ఆకు దొన్నెలో వేడి ఉప్మా పెట్టి, దాని మీద బఠానీ ఘుగుని పోసి ఇచ్చారు. ముప్పై రూపాయలు. ఈ రెండింటినీ కలిపి తినడం నాకు అలవాటు లేదు. రెండో దొన్నె అడిగానంటే రుచి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్ల లోపే. షేర్ ఆటోలో నలభై రూపాయలు.

జనవరినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. వైశాఖంలో ఈ ఒడ్డున మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, మనిషి నీడ పాదాల కిందికి దూరిపోతుంది. జనవరి చివర మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 52 డిగ్రీల ఎత్తు దాటడు. త్రూవిల్ మనకంటే ఎంతో ఉత్తరాన, 49 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి, నడి వేసవిలో కూడా అక్కడి సూర్యుడు 60 డిగ్రీలకు కాస్త పైన ఆగిపోతాడు. వాళ్ల వేసవి ఎండ వాలుకు దగ్గరగా వచ్చేది మన చలికాలపు ఎండ. గొడుగు నీడ మనిషి పక్కకు పడాలంటే ఈ నెలల్లోనే రావాలి.

తీరంలో మొదటి గంట కుంచె తీయలేదు. తీరం ఆగ్నేయానికి తిరిగి ఉండటంతో పొద్దుటి ఎండ సముద్రం మీద నుంచి సూటిగా ముఖాన కొడుతోంది. పడవలు, మనుషులు, కాకులు అన్నీ ముదురు ఆకారాలుగా మారి, నీళ్లు తెల్లగా మండుతున్నాయి. నాకు కావలసిన వెలుగు ఇది కాదు. త్రూవిల్ తీరం వాయవ్యానికి తిరిగి ఉంటుంది. మోనే సముద్రం వైపు చూసినా ఎండ ఆయన వెనక నుంచో పక్క నుంచో వస్తుంది. ఇక్కడ అలాంటి వెలుగు కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాలి, సూర్యుడు ఊరి వైపుకు వాలాలి. ఇంత చిన్న సంగతి ఇంటి దగ్గర దిక్సూచి ముందు కూర్చొని ఆలోచించి ఉంటే తెలిసేది. ఇసుకలో నిలబడ్డాక గాని తోచలేదు.

ఆ ఖాళీ పూటలో పాత రేవు చూద్దామనుకున్నాను. ఒకప్పుడు ఇక్కడి నుంచి రంగూన్‌కు ఆవిరి ఓడలు నడిచేవి, మన ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో ఇక్కడే ఓడ ఎక్కి బర్మా వెళ్లారు. ఆటో అబ్బాయితో "పోర్టుకు పోనీ" అన్నాను. అతను నన్ను ఊరు దాటించి, సరుగుడు తోటల వెంట ఉత్తరంగా తీసుకుపోయి, లారీలు బారులు తీరిన కొత్త రేవు గేటు ముందు దింపాడు. పోర్టు అంటే ఇప్పుడు అదే కదా. తప్పు నాదే, పాతదని చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ అబ్బాయి సగం డబ్బులే తీసుకున్నాడు. ఎంత చెప్పినా మిగతాది పుచ్చుకోలేదు. చివరకు పాత రేవు దగ్గర చూసింది ఉప్పుగాలికి ఇటుకలు తినేసిన గోదాముల గోడలు. ఆ ఇటుకల ఎరుపు మీద మధ్యాహ్నం ఎండ పడినప్పుడు పగుళ్లలోని నీడ ఊదారంగుగా కనిపించింది. పుస్తకంలో ఆ రంగు పేరు రాసుకున్నాను.

సాయంత్రం దీపస్తంభం ఎక్కాను. పైనుంచి చూస్తే ఇసుక ఒక పట్టీ, నురుగు ఒక పట్టీ, పచ్చని నీళ్లు, నీలి నీళ్లు, ఆకాశం, అన్నీ చీర అంచుల్లా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చినట్టున్నాయి. మోనే 1867లో సాంత్ అద్రెస్ అనే ఊళ్లో మేడ మీది నుంచి వేసిన తోట చిత్రం గుర్తొచ్చింది. దానిలోనూ తోట, సముద్రం, ఆకాశం ఇలాగే మూడు పట్టీలు. దిగంతంలో తెరచాప పడవలు, పొగ ఓడలు కలిసి ఉంటాయి. ఇక్కడ రేవులో చోటు కోసం ఎదురు చూస్తున్న రెండు పెద్ద ఓడలు, వాటికి ఇవతల ఫైబరు పడవలు. ఎత్తు నుంచి చూస్తే ఎండ చదునుగా ఉంటుంది. మూడేళ్ల తరువాత త్రూవిల్‌లో ఆయన మనుషులకు అంత దగ్గరగా, ఇసుకలోకి ఎందుకు దిగి కూర్చున్నాడో మెట్లు దిగుతున్నప్పుడు అర్థమైంది.

జనవరి 29, పడవల దగ్గర

ఊరి చివర పడవలు లాగిన చోట ఇద్దరు ఆడవాళ్లు ఇసుకలో పాతిన నల్లని పెద్ద గొడుగు కింద కూర్చొని నెత్తళ్లు ఎండబెడుతున్నారు. ఇక్కడి వాళ్లు వీళ్లను నోలియాలంటారు. వీళ్లు తమను తాము వాడబలిజలమని చెప్పుకుంటారు, ఇంట్లో తెలుగే. పెద్దామెకు అరవై పైనే ఉంటాయి, వెలిసిన తెల్ల చీర. చిన్నామె ఆమె కోడలు, ముదురు ఆకుపచ్చ చీర. నాకు గుండె దడదడలాడింది. తెల్ల బట్ట ఒక పక్క, ముదురు బట్ట ఒక పక్క, మధ్యలో కుర్చీకి బదులు బోర్లించిన చేపల గంప.

అడగకుండా మొదలుపెట్టడం మర్యాద కాదు. వెళ్లి పక్కన కూర్చొని, ఫలానా పల్లెలో డ్రాయింగ్ టీచరునని, మీ బొమ్మ వేసుకుంటానని చెప్పాను. డబ్బు ఇవ్వబోతే పెద్దామె నా చెయ్యి వెనక్కి తోసింది. "కూకోడానికి డబ్బులేటమ్మా, టీ తాగించు సాలు" అంది. టీ మూడు, ముప్పై రూపాయలు. వాళ్ల నెత్తళ్లు అరకిలో కొన్నాను, అది వేరే లెక్క. ఆ వాసన సంచిలోంచి ఇంకా పోలేదు, పోవాలనీ లేదు.

మూడు గంటలకు మొదలుపెట్టాను. పొద్దున గాలి గట్టు మీద నుంచి సముద్రానికి వీచేది, మధ్యాహ్నానికి తిరగబడి సముద్రం మీద నుంచి వస్తోంది. ఆ గాలితో ఇసుక మోకాలి ఎత్తున పాకుతూ వచ్చి కాన్వాసుకు, నూనెకు, కనురెప్పలకు అంటుకుంటోంది. మొదట కత్తి మొనతో ఒక్కొక్క రేణువూ తీయబోయాను. తీసే లోపల ఎండ మారిపోతోంది. త్రూవిల్ బొమ్మలో ఆ ఇసుక ఎందుకు మిగిలిపోయిందో అప్పుడు తెలిసింది. అది నిర్లక్ష్యం కాదు. తీస్తూ కూర్చుంటే అసలు చూడవలసింది వెళ్లిపోతుంది. ఇంప్రెషనిస్టులు, అంటే మోనే, ఆయన తోటి చిత్రకారులు, అలుక్కుపోయినట్టు వేస్తారని మనలో చాలామంది అనుకుంటారు, నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. అది తప్పు. వాళ్లు ఒక్క పావుగంట వెలుగును పట్టుకోవడానికి అతి ఖచ్చితంగా, అతి త్వరగా వేశారు. అంచులు దిద్దడం మానేసింది ఆ ఖచ్చితత్వం కోసమే.

ఇక తెల్ల చీర సంగతి. ఎండ పడిన మోకాలి దగ్గర అది తెలుపు కాదు, వెన్న రంగు. గొడుగు నీడలో ఉన్న భుజం దగ్గర పల్చని నీలం, ఎందుకంటే అక్కడికి సూర్యుడు రాడు గాని ఆకాశం వస్తుంది. ఒళ్లో మడతల అడుగున, వేడెక్కిన ఇసుక నుంచి ఎగసిన వెలుగు తగిలి, పండిన మామిడి తొక్క లాంటి లేత నారింజ. అదే వెలుగు ఆమె గడ్డం కిందికి కూడా పాకి, నీడలో ఉన్న ముఖాన్ని లోపలి నుంచి దీపం పెట్టినట్టు చేసింది. ఒక్క చీరలో నాలుగు తెలుపులు లెక్కపెట్టాను. ట్యూబులో నుంచి పిండిన అసలు తెలుపు ఒక్క చోట తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు.

ఆ ఒక్క చోటు గొడుగు చిరుగు. ఒక కమ్మీ పక్కన కుట్టు ఊడి, వేలు పట్టేంత సందు ఉంది. దానిలో నుంచి దిగిన ఎండ ముక్క మొదట ఆమె భుజం మీద ఉంది. నేను నీడ రంగు కలుపుకునేసరికి నాలుగు వేళ్ల దూరం జరిగి మెడ మీదికి వచ్చింది. ఇరవై నిమిషాలు గడిచాయన్నమాట. ఇక గడియారం చూడలేదు, ఆ ఎండ ముక్కనే చూశాను. అది మెడ దాటి చెవి కమ్మ మీద పడిన క్షణాన ఒక్క మచ్చ, చిక్కని తెలుపు, కుంచెతో ఒత్తి వదిలేశాను. బొమ్మ మొత్తంలో నాకు తృప్తి ఇచ్చిన గుర్తు అదొక్కటే.

అయిపోయాక వాళ్లకు చూపించాను. కోడలు నీడను వేలితో చూపి, "ఇసక మీద నీడ నల్లగుంటది గానీ నీలంగా ఉంటాదేటి?" అంది. అత్త ఆమె మాటను అడ్డుకుంది. "రోజూ ఇక్కడే కూకుంటావు, ఎప్పుడైనా సూసినావా? నీలంగానే ఉంటది." ముగ్గురం కాసేపు మాట్లాడకుండా ఇసుక వైపు చూశాం. నిజంగా నీలంగానే ఉంది, అంచుల్లో కాస్త ఊదా. ఇరవై రెండేళ్ల నా పాఠాన్ని ఆ పెద్దామె ఒక్క మాటతో దిద్దింది. ఆమెకు నచ్చనిది వేరొకటి. "ఆ సిరుగు కూడా ఏసేసినావా టీచరమ్మా? సూసినోళ్లు ఏటనుకుంటారు, తీసెయ్యమ్మా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ మచ్చ తీస్తే ఎండ పోతుంది. ఉంచితే ఆమె నొచ్చుకుంటుంది. ఇంటికి వెళ్లి చూస్తానని చెప్పి వచ్చేశాను.

రాత్రి లాడ్జిలో మోనే అచ్చును నా బొమ్మ పక్కన గోడకు ఆనించి చాలాసేపు చూశాను. కమీల్‌ను ఆయన పెళ్లాడింది 1870 జూన్ 28న. మూడు వారాలు తిరిగేసరికి, జూలై 19న, ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం మొదలైంది. ఆ ఏడు శరదృతువు నాటికి ఆయన లండన్ చేరాడు. బొమ్మలో ఆ కంగారు ఛాయ కూడా లేదు. గాలి ఉంది, గొడుగు ఉంది, ఆమె ముఖం మీద నీడ ఉంది. కుర్చీకి వేలాడుతున్నది చంటిపిల్లల బూటు అని కొందరి ఊహ. వాళ్ల కొడుకు జాఁకు అప్పటికి మూడేళ్లు నిండబోతున్నాయి.

జనవరి 30, ఛత్రపురం

కాన్వాసు మీద పడిన ఇసుకలో నల్ల రేణువులు ఎక్కువగా ఉండటం వింతగా తోచింది. ఒడ్డున కూడా అల వెనక్కి వెళ్లిన చోట నల్లని చారలు, కాటుక చెరిపినట్టు. అత్తకు ఫోను చేస్తే, ఛత్రపురంలో మనకు వరసకు బాబాయి ఉన్నాడు, ఇసుక ఖనిజాలు వేరు చేసే ప్రభుత్వరంగ కర్మాగారంలో పనిచేసి దిగిపోయాడు, ఆయన్ను అడుగు అంది.

బాబాయి నన్ను కూర్చోబెట్టి ముందు ఛెనాపోడ అనే కాల్చిన మిఠాయి పెట్టించాడు. పొయ్యి మీద మాడిన అంచు చేదు, లోపలి తీపి కలిసిన ఆ ముక్క గురించి విడిగా ఒక పేజీ రాయవచ్చు. తరువాత ఒక స్టీలు పళ్లెంలో తీరం ఇసుక పోసి, నీళ్లు చల్లి, చేటతో బియ్యం చెరిగినట్టు వంచి తిప్పాడు. తేలికైన తెల్ల ఇసుక పై అంచుకు జారిపోయి, బరువైన నలుపు, దానితోపాటు కాస్త ఎరుపు, కింద నిలిచాయి. నలుపు ఇల్మనైటు, ఎరుపు గార్నెట్టు అని చెప్పాడు. కర్మాగారంలో కూడా మొదటి మెట్టు ఇదే, నీళ్లతో మెలికల దోనెల్లో జారవిడిచి బరువును బట్టి వేరు చేస్తారు. ఆ తరువాత అయస్కాంతాలతోను, అధిక వోల్టేజి విద్యుత్తుతోను విడదీస్తారు. ఇల్మనైటు రెండింటికీ లొంగుతుంది, గార్నెట్టు అయస్కాంతానికే లొంగుతుంది, జిర్కాన్ అనే మరో ఖనిజం దేనికీ లొంగదు.

"ఇంత నల్లటి మన్నుతో ఏం చేస్తారు బాబాయ్?" అని అడిగాను. ఆయన నా సంచిలోని తెల్ల రంగు ట్యూబు తీసి చేతిలో పెట్టాడు. "ఇది" అన్నాడు.

ఇల్మనైటు అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడు. ఇనుము తీసేస్తే మిగిలేది టైటానియం డయాక్సైడు, ఇప్పుడు లోకంలో గోడల రంగుల నుంచి చిత్రకారుల తెలుపు దాకా చాలావాటికి అదే ఆధారం. మోనేకు 1870లో ఆ తెలుపు లేదు. ఆయన వాడినది సీసపు తెలుపు. టైటానియం తెలుపు 1920ల ప్రాంతం దాకా చిత్రకారుల చేతికి రాలేదు. కమీల్ గౌనులోని తెలుపుకు కొంచెం వెచ్చదనం, కుంచె జాడ నిలిపే చిక్కదనం ఉన్నాయని నాకు ఎప్పటి నుంచో అనిపించేది. నా ట్యూబు తెలుపు పక్కన పెడితే తేడా తెలుస్తుంది. నాది చల్లని తెలుపు, దేని పక్కన పెట్టినా దాన్ని మింగేస్తుంది. అందుకే అంత తక్కువగా వాడవలసి వచ్చిందని అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం బాబాయి ఇంటి వసారాలో భూతద్దం పెట్టి చూస్తే, చెవి కమ్మ మీది తెల్ల మచ్చలోనే రెండు నల్ల రేణువులు కూరుకుని ఉన్నాయి.

ఇంటికి వచ్చాక

మర్నాడు పొద్దుటి రైలుకు బయలుదేరాను. ఖర్చంతా, లాడ్జి రెండు రాత్రులకు పదహారు వందలతో కలిపి, మూడు వేలు దాటలేదు.

బొమ్మను ఫొటో తీయించి రెండు కాపీలు ఆ అత్తాకోడళ్లకు పంపుతానని మాట ఇచ్చాను. నిన్న కోడలి ఫోనుకు ముందుగా ఒక ఫొటో పంపాను. రాత్రి పెద్దామె మాట్లాడింది. బొమ్మ ఇంటిల్లిపాదికీ చూపించిందట. బొమ్మలోని చెవి కమ్మలు ఆమెవేనని మనవరాలు గుర్తుపట్టిందట. తరువాత గొంతు కాస్త తగ్గించి, "గొడుగు కుట్టించేసినానమ్మా, అరవై రూపాయలు పుచ్చుకున్నాడు. ఇంక సిరుగు లేదు. నీ బొమ్మలో కూడా మూసేయి" అంది.

అలాగే పిన్నీ అన్నాను. కుంచె తడిపి రెండుసార్లు బొమ్మ ముందు కూర్చున్నాను. ఇంకా ముట్టుకోలేదు.